నల్లాకు మీద వేసిన నింద

ఒక పెద్దాయన చేతిపనిని నలుగురి ముందు నకిలీ అన్నాను. ఆయన చుట్టిన నల్లటి మదూరో సిగార్ పైఆకుకి రంగు పూశారని అన్నాను. ఊరికే అనలేదు, తడి కాగితం మీద మరక చూపించి, రుజువు చేసినట్టుగా అన్నాను. అది అబద్ధమని నాకు తెలిసి చాలా కాలమైంది, క్షమాపణ కూడా చెప్పుకున్నాను. అయినా ఆ మాట నా నోట ఎలా వచ్చిందో విడమరిచి చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు. గోదావరి లంకల్లో పొగాకు పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. పొగాకు గురించే అంత తెలివితక్కువ మాట ఎలా అనగలిగాను?

ఉద్యోగం మీద ఫ్లోరిడాలోని టాంపాకి వచ్చాను. ఆ నగరంలో ఈబోర్ సిటీ అనే పాత పేట ఉంది. కీ వెస్ట్‌లో సిగార్ల ఫ్యాక్టరీ నడిపిన విసెంతే మార్తినెస్ ఈబోర్ 1885లో ఇక్కడ భూమి కొని, మరుసటి ఏడు పని మొదలుపెట్టించాడు. క్యూబా నుంచి, స్పెయిన్ నుంచి, సిసిలీ నుంచి జనం వచ్చి చేరారు. హవానా ఆకు ఓడల్లో టాంపా రేవుకి దిగేది. పనివాళ్ళు తమ జేబుల్లోంచి డబ్బిచ్చి ఒక చదువరిని పెట్టుకునేవాళ్ళు. ఆయన ఎత్తైన అరుగు మీద కూర్చుని పొద్దున పత్రికలు, మధ్యాహ్నం నవలలు చదువుతుంటే వీళ్ళు వింటూ చుట్టేవాళ్ళు. ఆ చదువు కార్మికుల్లో రాజకీయం రగిలిస్తోందని యజమానులు 1931లో దాన్ని ఆపించేశారు. 1962లో అమెరికా క్యూబా మీద ఆంక్షలు పెట్టాక హవానా ఆకు రావడం కూడా ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ ఎర్రటి ఇటుక భవనాలు, వీధుల్లో స్వేచ్ఛగా తిరిగే కోళ్ళు, ఏడో అవెన్యూ పొడుగునా చిన్న చిన్న కొట్లు ఉన్నాయి. కొన్ని కొట్లలో కిటికీ పక్కన బల్ల వేసుకుని ఇంకా చేత్తో చుట్టేవాళ్ళు కనిపిస్తారు.

నేను మాట తూలింది అలాంటి కొట్లోనే.

శనివారం సాయంత్రాలు అక్కడ కొందరం కలిసేవాళ్ళం. ఒక సిగార్ తీసుకుని, తలా ఒకటి వెలిగించి, కాగితం మీద మార్కులు వేసేవాళ్ళం. 1992లో మార్విన్ షాంకెన్ మొదలుపెట్టిన సిగార్ అఫిషియోనాడో పత్రిక వాడే నూరు మార్కుల పద్ధతినే మేమూ పట్టుకున్నాం. ఆ పత్రికవాళ్ళు సిగార్ మీది పట్టీ తీసేసి, అంకె మాత్రమే ఉన్న తెల్ల పట్టీ వేసి రుచి చూసేవాళ్ళకిస్తారు. ఎవరు చేశారో, ధర ఎంతో తెలియకూడదని వాళ్ళ జాగ్రత్త. మేము మార్కులు తీసుకున్నాం గానీ ఆ జాగ్రత్త తీసుకోలేదు. సిగార్ ఎవరిదో, ఎంతదో తెలిసే మా నోళ్ళకి రుచి తెలిసేది. ఆ గదిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నా మాట చెల్లాలనీ, నేను నోరు విప్పితే మిగతావాళ్ళు ఆగి వినాలనీ నాకు చాలా ఆశగా ఉండేది. తోలు వాసన, దేవదారు, ఎస్ప్రెస్సో, డార్క్ చాక్లెట్ అని పుస్తకాల్లో చదివిన మాటలన్నీ వరసగా రాసేవాణ్ణి. వాటిలో సగం నా నాలుకకి తగిలినవి కావు. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు కూడా.

మదూరో విషయంలో నా అజ్ఞానం ఇంకా పాతది. నల్లగా ఉంటే ఘాటుగా ఉంటుందని నమ్మేవాణ్ణి, కొత్తవాళ్ళకి అదే చెప్పేవాణ్ణి. సిగార్‌లో ఘాటు ప్రధానంగా లోపలి ఆకులది. మొక్క చిటారున ఎక్కువ ఎండ తాగిన ఆకు లిహెరో, దానిది గట్టి దెబ్బ. మధ్యలోది సెకో, వాసన దానిది. అడుగున ఉండే వొలాడో నిప్పు అంటుకుని సాఫీగా కాలడానికి. ఈ మూడింటి పాళ్ళు ఎలా కలిపారన్నదాన్ని బట్టి బలం ఉంటుంది. పైన చుట్టిన ఒక్క ఆకు నల్లగా ఉన్నంత మాత్రాన సిగార్ మనిషిని పడగొట్టదు. లేత గోధుమ రంగు ఆకు కట్టుకున్న సిగార్ తాగి చెమటలు పోసి, కళ్ళు తిరిగి కూర్చుండిపోయినవాళ్ళని చూశాను. సిగార్ పొగ క్షార గుణం ఉన్నది కాబట్టి, గుండెల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల్లోంచే ఒంట్లోకి దిగుతుంది. ఇదంతా కళ్ళ ముందే జరుగుతున్నా నేను రంగునే నమ్మాను.

ఆ శనివారం కిటికీ దగ్గర కూర్చునే పెద్దాయన చుట్టిన మదూరోని బల్ల మీద పెట్టారు. ఆయనది క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. కొట్టు ఆయన కూతురు చూసుకుంటుంది. ఆ సిగార్ నలుపు నన్ను మొదటి చూపులోనే అనుమానంలో పడేసింది. అంతకు ముందెప్పుడో ఒకాయన, తడి కాగితంతో రుద్దితే రంగు పూసిన మదూరో బయటపడుతుందని నాతో అన్నాడు. ఎవరైనా చేయగలిగే పరీక్ష, చేసినవాణ్ణి నిపుణుడిలా కనిపింపజేసే పరీక్ష. ఇంకా వెలిగించకుండానే కాగితం తడిపి ఆకు మీద రుద్దాను. ముదురు గోధుమ రంగు దిగింది. కాగితం పైకెత్తి అందరికీ చూపించాను. ఇది మగ్గిన ఆకు కాదు, పూసిన రంగు అన్నాను. ఒకతను అప్పుడే అంటించిన సిగార్ పళ్ళెంలో పెట్టేశాడు. ఇంకొకతను తన పెదవులు తుడుచుకుని వేళ్ళ వంక చూసుకున్నాడు.

పెద్దాయన విన్నారు. చేతిలో ఉన్న చవేతా అనే పిడిలేని కత్తిని పక్కన పెట్టి, రెండు అరచేతులూ బల్ల మీద వెల్లకిలా పరిచారు. నాకేసి చూశారు. వేళ్ళ సందులూ, గోళ్ళ మూలలూ, అరచేతి గీతలూ అన్నీ నల్లటి గోధుమ రంగులో ఉన్నాయి. నేనది ఒప్పుకోలు అనుకున్నాను. చేతులకి కూడా రంగంటింది చూడండి అని పక్కవాడితో అన్నానంటే, ఆ క్షణంలో నాలో మనిషి అనేవాడు లేడు. మార్కుల కాగితం మీద రూపానికి సున్నా వేశాను. ఆ సాయంత్రం నేనా సిగార్ తాగలేదు. రుచి చూడకుండానే తీర్పు చెప్పాను.

కొన్నాళ్ళకి మా అత్తయ్యతో ఫోన్లో మాట్లాడుతూ ఈ కథంతా గొప్పగా చెప్పాను. మా నాన్న అక్కయ్య ఆవిడ. ఇంటి అరుగు మీద కూర్చుని చుట్టలు చుట్టేది, ఆ డబ్బుతోనే పిల్లల్ని చదివించుకుంది. సాంతం విని, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఒరేయ్ అబ్బాయ్, తడిపితే రంగు దిగని పొగాకు ఎక్కడైనా ఉంటుందిట్రా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అది వేరే దేశం ఆకనీ, అక్కడ పద్ధతులు వేరనీ ఏదో అన్నాను. ఆవిడ వదల్లేదు. "నా చేతులు నువ్వు చూళ్ళేదా? ఆకు సీజన్లో నేను కలిపిన అన్నం నువ్వు తినేవాడివి కాదు, చేదని. చేతులు కడిగిన నీళ్ళు కాఫీలా ఉండేవి. నేనేం రంగు పూశాన్రా? ఆ ముసలాయన చేతులు చూపించాడంటే నీకు అర్థం కాలేదా?"

అప్పుడు అర్థమైంది. ఆ బల్ల మీద వెల్లకిలా పరిచిన చేతులు నేను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన చేతులు. అవి ఒప్పుకోలు కావు, జవాబు. ఆయన నాకు చూపించగలిగిన సాక్ష్యం అంతకన్నా పెద్దది లేదు. పొగాకు నిజంగా తెలిసినవాడు మాత్రమే దాన్ని చదవగలడు, నేను ఆ వంశంలో పుట్టి కూడా చదవలేకపోయాను. ఇంత సిగ్గు నా జీవితంలో మరి దేనికీ పడలేదు. మా ఊళ్ళో పురుగు మందు కొనలేని రైతులు పొగాకు కాడల్ని, ముక్కల్ని నీళ్ళలో నానబెట్టి, మరగబెట్టి, ఆ కషాయం వడకట్టి పైరు మీద కొట్టేవాళ్ళు. ఆ నీళ్ళు ఏ రంగులో ఉంటాయో మా వీధిలో పసిపిల్లాడికి కూడా తెలుసు. ఆకులో నీటికి కరిగే రంగు ఉంటుంది. ఎంత మగ్గితే అంత ముదురుగా దిగుతుంది. టాంపాలో ఎవరో చెప్పిన మాటని పట్టుకున్నాను గానీ, ఆ కషాయం బానలు నాకు గుర్తు రాలేదు. అరుగు మీది పొగాకు వేరు, అద్దాల బీరువాలోని పొగాకు వేరు అని నాలో ఎక్కడో పాతుకుపోయి ఉంది. ఒకటి పేదవాళ్ళ బతుకు, రెండోది పెద్దవాళ్ళ అభిరుచి. మొదటిదాని నుంచి రెండోదానికి చెప్పుకోదగ్గ సంగతి ఏదీ ఉండదనుకున్నాను.

ఆ రాత్రే నా దగ్గరున్న సిగార్లన్నీ తీసి ఒక్కొక్కదాన్నీ తడి కాగితంతో రుద్దాను. నీడపందిరి కింద పెంచిన, తేనెరంగు కనెక్టికట్ ఆకు కూడా పసుపుపచ్చ మరక పెట్టింది. అన్నీ పెట్టాయి. ఈ పని ఆ శనివారం ముందు చేయాల్సింది. అన్ని సిగార్లనీ దోషులుగా చూపే పరీక్షతో ఒక మనిషిని దోషిని చేశాను.

నిజమే, మదూరో పేరుతో మోసం లేదని అనను. తొందరగా నలుపెక్కించడానికి ఆకుని ఆవిరిలో ఉడికించేవాళ్ళున్నారు, రంగు పూసేవాళ్ళూ ఉన్నారు. అలాంటి ఆకు చాలాసార్లు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే నలుపులో, బూటు పాలిష్ చేసినట్టు ఉంటుంది. మగ్గి నల్లబడిన ఆకులో ఈనెల దగ్గర ఒక రంగు, మధ్యలో ఒక రంగు, అక్కడక్కడ మచ్చలు ఉంటాయి. వేలితో తడిమితే నూనె జిడ్డు, సన్నటి గరుకు తగులుతాయి. పెద్దాయన సిగార్ మీద ఆ మచ్చలన్నీ ఉన్నాయి. వాటిని కళ్ళారా చూసి కూడా పనితనం తక్కువ అని రాశాను.

తర్వాత శనివారం దాకా ఆగలేక మధ్యలోనే వెళ్ళాను. కూతురు బల్ల దగ్గర ఉంది. మీ నాన్నగారితో మాట్లాడాలి, నేను అన్నది తప్పు అని చెప్పాలి అన్నాను. ఆవిడ మొహం ముడుచుకునే ఉంది. ఆ సాయంత్రం తర్వాత కొందరు వచ్చి రంగేసిన సిగార్ ఇదేనా అని అడిగారనీ, తండ్రి రెండు రోజులు బల్ల దగ్గరికి రాలేదనీ చెప్పింది. ఆ ముక్క వినేదాకా నా తప్పు నా పరువుకి సంబంధించిందనే అనుకుంటున్నాను. ఒక మనిషి తన పని ముందు కూర్చోలేకపోయాడంటే అది వేరే సంగతి.

పెద్దాయన దగ్గర నిలబడి, మా అత్తయ్య చుట్టలు చుట్టేదని, ఆవిడ చేతులు కూడా ఇలాగే ఉండేవని, చిన్నప్పటి నుంచీ చూసి కూడా గుర్తుపట్టలేదని చెప్పాను. కూతురు స్పానిష్‌లో చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి, తనకు అర్థమైందన్నట్టు చెయ్యెత్తారు. క్షమించాననలేదు. నేను అడగనూ లేదు. ఆయన మాత్రం తడి గుడ్డ కింద నుంచి ఒక ఆకు తీసి బల్ల మీద పరిచారు. మధ్య ఈనె తీసేసిన సగం ఆకు అది. కుడి సగమైతే ఒక వైపు నుంచి, ఎడమ సగమైతే రెండో వైపు నుంచి చుట్టాలని చేత్తో చూపించారు. అప్పుడే సన్న ఈనెలు సిగార్ వెంట సాఫీగా పడతాయి. అది మెక్సికోలోని సాన్ ఆంద్రేస్ లోయ ఆకని కూతురు చెప్పింది. మదూరోకి అందరూ ఎక్కువగా వాడేవి ఆ ఆకూ, కనెక్టికట్ బ్రాడ్‌లీఫూ. రెండూ మందపాటివి. పల్చటి ఆకు ఆ మగ్గుడికి ఆగదు, చిరిగిపోతుంది.

మగ్గుడు అంటే ఏమిటో ఆయన చెప్పబోతే, నాకు తెలుసన్నాను. నిజంగానే తెలుసు. మా లంకలో తోరణాలుగా గుచ్చి ఆరబెట్టిన ఆకు తెల్లవారుజామున మంచుకి పదునెక్కాక దింపి, మండెలు వేసేవాళ్ళు. గోనెలు కప్పి, పైన బరువు పెట్టేవాళ్ళు. నిప్పు లేదు, పొయ్యి లేదు, ఆకు తనలో తానే వేడెక్కేది. మా నాన్న నా చెయ్యి పట్టుకుని మండెలోకి దూర్చేవాడు, వేడి చురుక్కుమనేది. మండె తిరగేసే రోజున ముక్కు, కళ్ళు మండిపోయే వాసన వచ్చేది. ఆ వాసన అమ్మోనియాదని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. నికరాగువాలోని ఎస్తెలీలో, సాన్ ఆంద్రేస్‌లో దీన్నే పిలోన్ అంటారు. వేల పౌన్ల ఆకుని మనిషి ఎత్తు పేర్చి, మధ్యలో ఉష్ణమాపకం పెడతారు. వేడి హద్దు దాటే లోపు విప్పి, లోపలి ఆకు బయటికీ, బయటి ఆకు లోపలికీ మార్చి మళ్ళీ పేరుస్తారు. మదూరోకి మామూలు ఆకు కంటే ఎక్కువ వేడి, ఎక్కువ కాలం కావాలి. ఆ వేడిలో ఆకులోని మొరటుతనం, కొరుకుడు తగ్గి నలుపు చేరుతుంది. అంటే, మామిడికాయ గడ్డిలో మగ్గి పులుపు వదులుకున్నట్టు ఈ ఆకు మంట వదులుకుని నల్లబడుతుంది. నేను నింద వేసింది అలాంటి నలుపు మీద. చేతిలో వేడి పట్టి చూసిన కుర్రాడు పెద్దయ్యాక చేసిన పని ఇది.

డబ్బిచ్చి ఆ మదూరోని కొన్నాను. అప్పుడు కూర్చుని, వెలిగించకముందే పెదవుల మధ్య ఉంచుకుని చూశాను. ఆకే తియ్యగా ఉంది. తల కొంచెమే కోసి, మంట నేరుగా తగలనివ్వకుండా చివర మెల్లగా వేడిచేసి అంటించాను. నిమిషానికి ఒక దమ్ము, అంతకు మించలేదు. తొందరగా లాగితే పొగ వేడెక్కి ఏ సిగారైనా చేదెక్కుతుంది. నేను గతంలో చేదన్న చాలా మదూరోల చేదు నా తొందరదే. మొదటి మూడో వంతులో మిరియం ఘాటు ఉంది, పొగ కొంచెం ముక్కులోంచి వదిలితే ఇంకా బాగా తెలిసింది. సగానికి వచ్చేసరికి ఘాటు తగ్గి, వేయించిన కాఫీ గింజ చేదు, దాని వెనక కోకో, వాటన్నిటి కిందా పెదవి మీద ఆ తీపి. వగరు లేదు. ఈ మాటలు పుస్తకంలోవి కాదు, నా నోటికి తగిలినవి. లోపాలూ ఉన్నాయి. పైఆకు మందం వల్ల నిప్పు ఒక పక్క వెనకబడింది, రెండు సార్లు సరిచేయాల్సి వచ్చింది. చివరి మూడో వంతు కొంచెం బిగుతుగా లాగింది. ఆ సంగతి ఆయనతో చెప్పాను. తలూపి, తర్వాతి సిగార్ లోపలి ఆకులు సర్దేటప్పుడు కొంచెం వదులుగా పట్టుకున్నారు. నా మాటని ఆయన పనికొచ్చే మాటగా తీసుకోవడం అదే మొదటిసారి.

ఒక సంగతి దాచను. పొగాకుకి నేను చేయి చాచేటప్పుడల్లా మా అత్తయ్య తోడికోడలు గుర్తొస్తుంది. వాళ్ళది విశాఖ వైపు. అక్కడ ఆడవాళ్ళు చుట్టని నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగేవాళ్ళు. ఆవిడ అంగిలి మీద పుండు లేచి పోయింది. ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి వైద్యులు దశాబ్దాల కిందటే రాశారు. గుండెల్లోకి పీల్చం కాబట్టి సిగార్ మంచిదని ఎవరైనా అంటే ఒప్పుకోను, నోటికి అది చేసే చెడ్డ చేస్తూనే ఉంటుంది. నేను తాగడం బాగా తగ్గించాను, పూర్తిగా మానలేదు. అది కూడా ఈ ఒప్పుకోలులో భాగమే.

ఆ శనివారం గదిలో ఉన్నవాళ్ళలో దొరికినవాళ్ళందరికీ చెప్పాను, నేను చూపించిన మరకకి అర్థం లేదని. మార్కుల కాగితం మీద సున్నా కొట్టేసి, పక్కన నా పేరుతో సంగతంతా రాశాను. ఇద్దరు మాత్రం ఊరు మారిపోయారు, వాళ్ళ నంబర్లు ఎవరి దగ్గరా లేవు. వాళ్ళిద్దరూ ఎక్కడో మదూరో పెట్టె ముందు నిలబడి, తడి కాగితం పరీక్ష ఇంకెవరికో నేర్పుతూ ఉండొచ్చు. ఆ కొట్లో మాత్రం కొత్తవాళ్ళెవరైనా కాగితం తడపడం కనిపిస్తే కుర్చీలోంచి లేచి వెళ్తాను. ముందు ఆ పక్కనున్న తేనెరంగుదాన్ని రుద్దమంటాను. తర్వాత, కిటికీ దగ్గరున్న పెద్దాయన్ని చేతులు చూపించమని అడగమంటాను.